పాత రిపోర్టు మీద తువ్వాలు

తెర అవతల నుంచి "అబ్బా, చల్లగా ఉంది" అని మా అమ్మాయి చారుమతి గొంతు వినిపించింది. గుండె స్కాన్ తీసే అమ్మాయి నవ్వి, "వన్ మినిట్ అక్కా, అలవాటైతది" అంది. తార్నాకలోని ఈ సెంటర్‌కు కొత్తగా వచ్చిన పిల్ల. ఛాతీ మీద పూసే జెల్ సీసాను ఏసీ గదిలో అలాగే వదిలేస్తుంది. పన్నెండేళ్ల క్రితం నేను మొదటిసారి వచ్చినప్పుడు ఇదే గదిలో ఆ సీసా వేడినీళ్ల స్టీలు చెంబులో మునిగి ఉండేది. నా చేతిలో చారుమతి పోయినేటి రిపోర్టు ఉంది. నాకు తెలియకుండానే దాన్ని బోర్లా తిప్పి మోకాలి మీద పెట్టుకుని అరచెయ్యి కప్పాను. ఆ చెంబూ, ఈ అలవాటూ రెండూ అప్పట్లో ఇక్కడ స్కాన్ తీసిన మల్లేశంవే.

మాది కడప వైపు. ఒకప్పుడు ఏడూళ్ల మీద పెత్తనం చేసిన ఇల్లు. నా వరకు వచ్చేసరికి మిగిలినవి ఇంటిపేరు, మా తాతగారి నిలువెత్తు ఫోటో, వీపు వంచకుండా కూర్చునే అలవాటు. నేను యూనివర్సిటీ కార్యాలయంలో సూపరింటెండెంటును. క్యాంపస్ క్వార్టర్సులో ముందు గది గోడకు ఆ ఫోటో చాలా పెద్దది, అయినా అక్కడే పెట్టాను. పక్కలకు వేలాడే తాతగారి చేతివేళ్లు దాదాపు మోకాళ్లను తాకుతుంటాయి. ఆజానుబాహువని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. మా నాన్నా అంతే, నేనూ అంతే. తాతగారు నలభై ఎనిమిదో ఏట, నాన్న నలభై ఆరో ఏట కూర్చున్న చోటే పోయారు. మా ఇంటి మగవాళ్లు మంచాన పడి పోరని నాయనమ్మ తల ఎత్తి చెప్పేది. నేనూ అలాగే చెప్పుకున్నాను.

నా నలభై మూడో ఏట చూపు మసకబారింది. కంట్లో కటకం పక్కకు జారిందన్నారు. క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ నా వేళ్లూ చేతులూ చూసి మార్ఫాన్ సిండ్రోమ్ అన్న పేరు చెప్పింది. తల్లిదండ్రుల నుంచి వచ్చే అరుదైన జబ్బు. ఒంటిని పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉంటుంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, అయోర్టా, మొదలు దగ్గర కొద్దికొద్దిగా ఉబ్బి ఒకనాడు చీలిపోవచ్చు. అందుకని ఏటా స్కాన్‌లో దాని వెడల్పు కొలిపించుకోవాలి. అలా తార్నాక సందులోకి వచ్చాను.

మల్లేశం అప్పటికే యాభై దాటిన పొట్టి మనిషి. జనగామ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి ఈ పని నేర్చుకున్నాడు. భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉండేది.

"చొక్కా తియ్యిండ్రి సార్."

"డాక్టరు లేరా?"

"డాక్టరు సాయంత్రం వస్తడు. బొమ్మలు చూసి సంతకం పెడ్తడు. బొమ్మలు తీసేది నేనే. గుండెకాయ నాక్కూడా కనవడ్తది సార్."

చొక్కా విప్పి పడుకున్నాను. పరాయివాడి ముందు ఒళ్లు చూపడం నాకు అదే మొదలు.

"ఎడమ దిక్కు తిరుగుండ్రి. అరె, గట్ల కట్టె లెక్క బిగవడితే ఎట్ల దొరా? ఈడ దండం పెట్టెటోడు ఎవ్వడు లేడు గని, ఊపిరి ఇడువుండ్రి."

నాతో అలా మాట్లాడిన మనిషి అంతవరకు లేడు. ఆ 'దొర' అన్న మాటలో ముల్లుందని అప్పుడే తెలిసింది. ఎందుకుందో తర్వాత ఆయనే చెప్పాడు. వాళ్ల నాయన ఊరి దొర ఉండే గడి ముంగట చెప్పులు చేతబట్టుకుని నిలబడేవాడట.

రెండో ఏడు వెళ్లినప్పుడు పాత రిపోర్టు ఇచ్చాను. ఆయన దాన్ని చదవకుండా బల్ల మీద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి కప్పాడు.

"చూడరా?" అన్నాను.

"తర్వాత చూస్త. ముందుగాల నంబరు చూస్తే చెయ్యి గా నంబరు కాడికే పోతది సార్. పెరిగినా గూడ పెరగనట్టే కనవడ్తది."

బొమ్మను ఆపి ఒకసారి కొలిచాడు. మళ్లీ కొత్త బొమ్మ తీసి కొలిచాడు. మూడోసారీ అంతే. ఆ తర్వాతే తువ్వాలు తీశాడు. నలభై రెండు మిల్లీమీటర్లు నలభై మూడైంది. మరుసటేడు నలభై నాలుగు. ఆ రోజే, జెల్ తుడుచుకోవడానికి నాకు దూది ఇస్తూ, "నాయిన ఎట్ల పోయిండు సార్?" అని అడిగాడు. నాయనమ్మ మాటే చెప్పాను. ఆయన యంత్రం తుడిచి నావైపు తిరిగాడు.

"గదేం గొప్ప కాదు దొరా. నాళం పలిగి ఉంటది."

కోపంతో కాదు, ఋజువు చూపించాలన్న పంతంతో ఆయన్ను మా ఇంటికి వచ్చి తాతగారి ఫోటో చూడమన్నాను. ఆదివారం పొద్దున క్యాంపస్‌లో నడకకు వచ్చినవాడు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి ఫోటో ముందు నిలబడ్డాడు.

"మంచిగున్నడు పెద్దాయన. గని నాకు పేషెంటు నిలవడ్డట్టే కనవడ్తాంది."

అప్పుడే చారుమతి బాస్కెట్‌బాల్ ఆడి వచ్చింది. దానికప్పుడు పదిహేడేళ్లు, జిల్లా జట్టుకు ఎంపికైన ఏడాది. మా ఆవిడ ఇచ్చిన టీ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లింది. మల్లేశం దాని చేతులవైపు చూశాడు.

"బిడ్డను తీస్కరండ్రి సార్."

"దానికేం లేదు."

"సగం సగం. ఉండొచ్చు, లేకపోవచ్చు. చూస్తేనే తెలుస్తది."

"మా ఇంటి సంగతి మీకెందుకు? మీ పని బొమ్మలు తీయడం."

టీ ముట్టకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఊళ్లు పోయాయి, ఇల్లు పోయింది. మిగిలిన ఒక్క గొప్ప కూడా జబ్బేనని కూతురి పేరు మీద రాయించుకోవడం నా వల్ల కాలేదు. ఆ మరుసటేడు నేనూ స్కాన్‌కు వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం మల్లేశం మా ఆఫీసుకు వచ్చాడు. నేను కూర్చోమనలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఫైళ్ల మీంచి చూస్తున్నారు.

"కూసునేటందుకు రాలే సార్. నాయిన నలభై ఆరుకు పోయిండన్నరు. మీకిప్పుడెంత?"

"నలభై ఆరు."

"నేను తువ్వాల కప్పేది కొలిచెటందుకు. మీరు కప్పిండ్రు, ఇగ కొలుస్తనే లేరు."

"నా సంగతి నేను చూసుకుంటాను."

"చూసుకోండ్రి. బిడ్డ సంగతి? ఆడుకుంట ఆడుకుంట గా పిల్ల పడిపోతే, గప్పుడు గూడ మా ఇంట్ల మంచాన పడి పోరని చెప్పుకుంటరా?"

గొంతు పెంచలేదు. చెప్పి, నిలబడ్డాడు. లేచి బల్ల చుట్టూ వెళ్లి, పక్కనున్న కుర్చీని నా చేత్తో లాగి ఆయన ముందు వేశాను. "కూర్చోండి" అన్నాను. కూర్చున్నాడు.

ఆ వారమే ఇద్దరం వెళ్లాం. నాది యాభైకి వచ్చింది, ఇక ఆపరేషన్ తప్పదన్నారు. చారుమతికి చేసేటప్పుడు నర్సును పక్కన నిలబెట్టుకుని, జెల్ వెచ్చగా ఉందో లేదో ముందు తన మణికట్టు మీద వేసి చూసుకున్నాడు. ముప్పై ఎనిమిది. సాయంత్రం డాక్టరు వచ్చి దాని వయసుకు అది ఎక్కువేనన్నాడు. అదయ్యాక మల్లేశం దాంతోనే మాట్లాడాడు.

"బిడ్డా, పోటీల ఆట బందు పెట్టాలె. డాక్టర్ రాసిన గోలి ఏసుకోవాలె. ఏటా నా కాడికి రావాలె. గంతే."

అది ఏడవలేదు. నావైపు తిరిగి, "మీకు ముందే తెలుసా నాన్నా?" అంది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. "అనుమానం ఉండింది. సంవత్సరం నుంచి" అన్నాను. అప్పుడు ఏడ్చింది. మల్లేశం భుజం మీది తువ్వాలు తీసి దాని చేతికిచ్చి, మమ్మల్నిద్దర్నీ గదిలో వదిలి బయటికి వెళ్లాడు.

నాకు నాళం ఉబ్బిన చోట కోసి గుడ్డ గొట్టం వేశారు. మల్లేశం ఆసుపత్రికి వచ్చి చూసి, "ఇగ లోపట గూడ బట్ట కట్టుకున్నవు దొరా" అన్నాడు. ఈసారి ఆ మాటలో ముల్లు లేదు. ఆ తర్వాత ఆరేళ్లు ఆయనే మాకు కొలిచాడు. రిటైరై ఊరికి వెళ్లిన ఏడాదిలోపే పోయాడని నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్లాను. ఆయన ఇంటి ముంగిట చెప్పులు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తాతగారి ఫోటో ఇప్పటికీ గోడ మీదే ఉంది. దాని ముందు నిలబడితే చేతుల పొడవు కాదు, నలభై ఎనిమిదేళ్లే ఆయన బతికింది అన్న సంగతి కనిపిస్తుంది.

"అంకుల్, పాత రిపోర్ట్ ఇస్తారా? ఒకసారి చూసుకుంటా" అని తెర అవతల నుంచి చెయ్యి వచ్చింది.

"ముందు కొలవమ్మా. కొలిచాక ఇస్తాను."

"మూడుసార్లు కొలవండి, లేకపోతే ఆయన ఇవ్వరు" అని చారుమతి అంది. యంత్రం మీద మీటల చప్పుడు. ఎత్తి చూడాలని వేళ్లు లాగాయి. అరచెయ్యి తియ్యలేదు.

"థర్టీ నైన్." కాసేపాగి, "థర్టీ నైన్." మూడోది ఎంతకీ రాలేదు. "థర్టీ నైనే అంకుల్."

కాగితం తిప్పాను. అరచేతి చెమటకు ఒక మూల తడిసి ఉంది.

"చూశారా నాన్నా?"

"చూశాను. పోయినేడూ అంతే."

తెర అవతల చారుమతి ఊపిరి వదలడం వినిపించింది. అప్పుడు నేనూ వదిలాను.