బీరువా ఎడమ తలుపు

ఆ బీరువా మాట ఎత్తితే చాలు, మా ఇంట్లో వాళ్లు కాఫీ తాగుతావా అని అడుగుతారు. ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను చివరిదాకా చెప్పనివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

మాది కొవ్వూరు. మా అన్నయ్యకి వంతెన అవతల రాజమండ్రిలో కార్లకు రంగులు వేసే షెడ్డు ఉండేది. ఒకసారి నా భార్య అక్కడ, అప్పుడే రంగు ఆరిన మెరూన్ కారు తలుపు ముందు వంగి బొట్టు సరిచేసుకుంది. "ఇలా మెరిసే బీరువా ఒకటి ఉంటే అద్దమే అక్కర్లేదండీ" అంది. అప్పటికే ఆమెకు గుండె జబ్బు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

నేను ఆఫీసు గుమాస్తాను, వడ్రంగిని కాను. అయినా రంపపుపొట్టు అదిమి చేసే ఎండీఎఫ్ చెక్క తెచ్చి వరండాలో నేనే కోశాను. ఆ చెక్క ఒళ్లంతా నున్నగా ఉంటుంది కానీ కోసిన అంచులు మాత్రం రంగుని నీళ్లలా తాగేస్తాయి. లప్పం పెట్టడం, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ పెట్టడం. ఆమె కుర్చీలో కూర్చుని, "ఈ అంచుకి నాకంటే ఆకలి ఎక్కువండీ" అని నవ్వేది.

అడుగు రంగు బ్రష్షుతో నేనే వేశాను. పై మెరుపు మాత్రం రంగు చిమ్మే గన్నుతో కొట్టాల్సిందే. దానికి అన్నయ్య రావాలి.

మూడు ఆదివారాలు వంతెన దాటి వెళ్లి అడిగాను.

"ముసురులో గన్ను పట్టకూడదురా. మెరుపు తెల్లబారిపోతుంది. ఎండ రానీ."

"మరి ఆ జీపుకి కొడుతున్నావుగా?"

"అది షెడ్డులోరా. నీ వరండాలో జల్లు కొట్టదా ఏంటి? పెళ్లాం అడిగితే నీకు వానాకాలం కూడా కనపడదు!"

అక్కడున్న పనివాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది.

నాలుగో వారం ఎడమ తలుపుకి ఇంకో పూత వేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి, పిడి పక్కన ఆమె వేలిముద్ర పడి ఉంది. వేలి గీతలన్నీ స్పష్టంగా.

"ఆరిందేమో అనుకున్నానండీ" అంది. "పోనీలెండి, బావగారు గన్ను కొడితే మూసుకుపోతుంది."

"మూసుకుపోదు! మెరుపు పెట్టేకొద్దీ కిందున్న మచ్చ ఇంకా బాగా కనపడుతుంది. నెల రోజుల పని పాడుచేశావు" అని అరిచాను.

ఆమె ఆ వేలు చీరకొంగుకి తుడుచుకుంది. ఆ మరక కూడా పోలేదు.

తర్వాత అయిదు రోజులే బతికింది.

పెద్దకర్మ అయ్యాక ముసురు విడిచింది. మర్నాడు మరణ ధ్రువపత్రం కోసం నేను మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాను. తిరిగి వస్తుంటే వీధి మలుపులోనే థిన్నర్ వాసన. పరిగెత్తాను.

వరండాలో అన్నయ్య ముక్కుకి తువ్వాలు కట్టుకుని, గన్ను పట్టుకుని నిలబడ్డాడు. బీరువా నీళ్లలా మెరుస్తోంది. పలకరింపుకి వచ్చినవాళ్లు చుట్టూ చేరి, "అచ్చం కారులాగే ఉందండీ" అంటున్నారు.

"చూడరా" అన్నాడు అన్నయ్య. "గన్ను కొట్టేముందు వాటర్ పేపరు పెట్టి మూడుసార్లు నున్నగా రుద్దాను. ఎక్కడా ఒక్క మచ్చ లేదు."

ఎడమ తలుపు దగ్గరికి వెళ్లాను. పిడి పక్కన నా గుండు, నా ముఖం. ఇంకేమీ లేదు.

"ఇక్కడున్నది ఏం చేశావు?" అని అడిగాను.

అన్నయ్య గన్నులో థిన్నర్ పోసి కడగడం మొదలుపెట్టాడు. వదినే అందుకుంది: "పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా చేశారు మీ అన్నయ్య. మంచి మాట ఒక్కటైనా రాదా నీ నోట్లోంచి?"

నేను కృతఘ్నుణ్ని అని బంధువులందరూ ఆ రోజే తేల్చేశారు. కావచ్చు. ఆమె మీద అరిచినవాణ్ని కూడా నేనే, అదీ ఒప్పుకుంటాను. మచ్చ అన్నది కూడా నేనే.

ఆ మెరుపు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, అంత బాగా కొట్టాడు. ఎడమ తలుపు మాత్రం నేను తెరవను.

అన్నయ్యా, ఇప్పుడు నీకు కళ్లజోడు వచ్చింది, అప్పుడు లేదు. ఎంత చిన్న గీతైనా పట్టే కళ్లు నీవి. రుద్దే ముందు ఆ వేలిముద్ర నీకు కనపడిందా, లేదా? వదినని పంపకు. నువ్వే వచ్చి చెప్పు.