కంప్యూటర్‌కు పెట్టించిన బొట్టు

సంతకానికి మించి నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే నా బిడ్డ సుజాత రాస్తోంది. మాది ఇబ్రహీంపట్నం. మా ఆయన ఫొటో స్టూడియోలో వాడిన కంప్యూటర్, తెరలోనే అన్నీ ఇమిడి ఉండే రకం, ఆయన పోయాక మూలన పడింది. సుజాత దానికి కొత్త డిస్కు వేయించి, ఇంటి నుంచే వీడియోలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇవ్వడానికి సిద్ధం చేసుకుంది.

ఇంటర్వ్యూ ఉన్న పొద్దున మిషన్‌కు పూజ చేద్దామనిపించింది. మొగుడు పోయినదాన్ని, నా చేత్తో బొట్టెందుకని పక్కింటి యాదమ్మక్కను పిలిచాను. ఆమె తెర పైఅంచున, నడిమధ్యన, రూపాయంత కుంకుమ పెట్టింది. బిడ్డకు ఎదురు రాకూడదని నేను వంటింట్లో కూర్చున్నాను.

కాసేపటికి సుజాత గొంతు వినిపించింది. "సార్, నిన్న నా మొకం మంచిగనే కనవడ్డది సార్, ఒక్క నిమిషం!" ఆపి మళ్లీ పెట్టింది. తెర మీద తన మొహం ఉండాల్సిన చోట అదే చీకటి. "అమ్మా, నాయిన మిషిన్ సచ్చిపోయినట్టుందే!" అని ఏడ్చింది.

నేను గడప దాటలేక కిటికీలోంచి అరిచాను. "యాదమ్మక్కా, జర పోయి సూడరాదే!"

"గా డబ్బా సంగతి నాకేమెరుక? బొట్టు పెట్టమంటే పెట్టిన!"

ఈలోగా ఇంటర్వ్యూ చేసేవాళ్లు తర్వాత చెబుతామని వెళ్లిపోయారు. అప్పుడు చూసింది బిడ్డ, కుంకుమ కింద కెమెరా ఉందని. ఎర్రటి వేలితో నా దగ్గరకొచ్చింది.

"నువ్వే పెట్టేదుండె అమ్మా. నాయిన పక్కన ఇన్నేండ్లు కూసున్నవ్, గా కెమెరా ఏడుంటదో నీకెరుక."

ఆ ఉద్యోగం రాలేదు. నేను ఎదురొస్తే కీడనుకున్నాను. రాకపోవడమే కీడైంది.