కాళ్లు చూసే మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు విమానాశ్రయంలో డ్యూటీ మీద ఉండగా వచ్చింది. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో బయటిదాకా తోసుకువచ్చే పని నాది. ఒక పెద్దావిడను కారెక్కించి వెనక్కి తిరిగానో లేదో అమ్మ ఫోన్ చేసింది. "అత్త లేస్తలేదు బిడ్డా" అంది. శంషాబాద్ పక్కనే మా ఊరు. వెళ్లేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. చెవుల్లో దూది, నుదుటి మీద విభూది. నాకు ముందు వచ్చిన ఆలోచన, ఇంతమంది తన చుట్టూ చేరితే అత్త వీళ్లలో ఒక్కరినీ నమ్మేది కాదు కదా అని. ఏడుపు తర్వాత వచ్చింది.

అత్త ఎవరినీ నమ్మేది కాదు. పాలు చిక్కగా ఉంటే "ఏం కలిపిన్రో" అనేది, పలచగా ఉంటే "ఎన్ని నీళ్లు పోసిన్రో" అనేది. దవాఖానకు పోతే లేని రోగం అంటగడతారని ఆమె గట్టి అభిప్రాయం. రియల్ ఎస్టేట్ వాళ్లు ఇంటికి వస్తే మాట విననట్టే కూర్చుని వాళ్ల పాదాలు చూసేది. వాళ్లు వెళ్లాక తీర్పు చెప్పేది. "మొఖం అబద్ధం నేర్చుకుంటది బిడ్డా, కాళ్లు నేర్వవు. వాడు కూసున్నంతసేపు మడిమ నిలువలే." ఆమె తీర్పు చాలాసార్లు నిజమైంది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి వారమంతా నాతో బస్సులో గేటు దాకా వచ్చి, నేను లోపలికి పోయేదాకా నిలబడేది. అక్కడి సెక్యూరిటీ వాళ్లు నన్ను తనిఖీ చేస్తే, ఆమె వాళ్లను తనిఖీ చేసేది.

పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయి అత్త పుట్టింటికి వచ్చేసిందట. మా బాపు ఆమె తమ్ముడు. చిన్నప్పుడు తుమ్మకట్టె కొడుతుంటే గొడ్డలి జారి బాపు ఎడమకాలి చిటికెన వేలు తెగిపోయింది. అత్త పసుపు అద్ది, కొంగు చింపి కట్టి, వీపున వేసుకుని మహేశ్వరం దవాఖాన దాకా మోసుకుపోయిందని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. నేను బడికి పోయే రోజుల్లో, చేన్లన్నీ ప్లాట్లయిపోతున్న కాలంలో, బాపు మాట తగ్గించాడు. తర్వాత ఒక పొద్దున చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని బయటికి పోయాడు. మళ్లీ రాలేదు.

వెతికారు. హిమాయత్ సాగర్ కట్ట మీద కూడా చూశారు. కాశీకి పోయివచ్చిన ఊరి మనిషి ఒకడు, సారనాథ్‌లో బోడిగుండుతో, కాషాయంతో వాకిలి ఊడుస్తున్న ఒకాయన అచ్చం మా బాపులాగే ఉన్నాడని కల్లు దుకాణంలో చెప్పాడు. అందరికంటే ముందు కొట్టిపారేసింది అత్తే. "వాని మాట నమ్ముకుంటే గంగల కలిసినట్టే." అమ్మ బొట్టు మాత్రం తీయలేదు. పెళ్లిళ్లకు, పేరంటాలకు ఊరు అమ్మను బొట్టు పెట్టి పిలుస్తూనే వచ్చింది.

రెండేళ్ల కిందట, దసరా పోయాక, అత్త ఉన్నట్టుండి బుద్ధుడి యాత్రకు పోతానంది. బుద్వేల్‌లో ఉండే రిటైరైన టీచరమ్మ ఒకావిడ, తెలిసినవాళ్లను పోగుచేసి రైలులో తీసుకుపోతోంది. మా అత్త తిరుపతి బస్సునే నమ్మని మనిషి. బుద్ధుడి బొమ్మను చూసి, "కండ్లు మూస్కొని నవ్వెటోన్ని ఎట్ల నమ్ముతవ్?" అన్న మనిషి. ఆమెకు బుద్ధుడితో ఏం పని?

"ఏడేడికి పోతది ఆ రైలు?" అని పక్కింటామె అడిగింది.

"ఏమో, గయ అంటున్నరు" అంది అత్త, సంచిలో చీర కుక్కుతూ.

ఆ ఒక్క మాట చాలింది. టీచరమ్మ చెప్పింది బుద్ధగయ గురించి. ఊరికి వినబడింది గయ. గయకు ఎందుకు పోతారో అందరికీ తెలుసు. అక్కడ పిండం పెడితే పోయినవాడి లెక్క ముగిసినట్టే. పెట్టినవాళ్లు తమకు ఇష్టమైన పండో కాయో అక్కడే వదిలి వస్తారు, బతికినంతకాలం మళ్లీ తినరు.

అత్త తిరిగి వచ్చేసరికి ఇంకా సీతాఫలాల కాలమే. మా వైపు గుట్టల కాయలంటే ఆమెకు ప్రాణం. బియ్యం డబ్బాలో మగ్గేసి, గింజలు ఉమ్ముతూ బుట్టెడు తినేది. ఆ రోజు అమ్మ పండు విప్పి చేతికిస్తే పక్కన పెట్టేసింది.

"ఇడిసిన" అంది.

అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తుంది. "పిండం పెట్టొచ్చినవా వదినె?"

"నీకెందుకే అవన్నీ? బువ్వ పెట్టు."

అంతకు మించి ఒక్క మాట రాలేదు. ఆడది పిండం ఎట్లా పెడుతుందని కొందరు, గయలో పెట్టొచ్చని కొందరు. మొత్తానికి ఆ ఏడాది వచ్చిన పెళ్లికి అమ్మకు బొట్టు పెట్టేవాళ్లు మా గడప ఎక్కకుండానే దాటిపోయారు. అమ్మ తలుపు వెనక నిలబడి చూసింది. అప్పటి నుంచి ఒకే ఇంట్లో అమ్మా అత్తా పొదుపుగా మాట్లాడుకున్నారు. నాకూ అనుమానమే. ఈమెకు బాపు గురించి ఏదో తెలిసింది, చెప్పడం లేదనుకునేదాన్ని. పైగా రోజూ నేను డ్యూటీ నుంచి రాగానే ఒకటే ఆరా. "ఇయ్యాల ఎవలొచ్చిన్రు? కాషాయం బట్టలోళ్లు గిట్ల దిగిన్రా?" నాగార్జునసాగర్ చూడటానికి అప్పుడప్పుడు బౌద్ధ భిక్షువులు దిగుతుంటారు. వాళ్లమీద కూడా అనుమానమేనా అని నవ్వుకునేదాన్ని.

అత్త పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి ఊరి చివరకు పోయాం. అన్నం, కోడికూర, కల్లు అన్నీ విస్తట్లో పెట్టి దూరం జరిగి నిలబడ్డాం. కాకి రాదు. నెత్తిమీద విమానాలు పోతున్నాయి గానీ ఒక్క కాకి దిగదు. పోయినవాళ్లకు తీరని కోరిక ఉంటే పిట్ట ముట్టదంటారు. పెద్దమనుషులు తలా ఒకటి చెప్పారు. "చాయ్ పెట్టలేదు, చాయ్ పెట్టున్రి." చాయ్ పెట్టారు. "కల్లు పులిసిందేమో." వేరే కల్లు తెచ్చారు. "కూర తిని చూసిన్రా, ఉప్పు లేదేమో" అన్నాడు మా చిన్నాయన. అత్త అయితే నిజంగానే అట్లా అనేది. చివరికి ఒకామె సీతాఫలం తెచ్చింది.

"అది పెట్టకండమ్మా" అంది వెనక నుంచి ఒకావిడ. యాత్రకు తీసుకుపోయిన టీచరమ్మ. కబురు తెలిసి వచ్చింది. "ఆ పండు అక్క వదిలేసింది. నా ముందే."

అందరి చూపు అమ్మ నుదుటి మీదికి పోయింది. అమ్మ కొంగు నిండుగా కప్పుకుంది.

"గయలనే కదా?" అన్నాడు చిన్నాయన.

"గయలో కాదండీ. గయలో మేమంతా పిండాలు పెట్టే విష్ణుపాదం గుడి చూడటానికి దిగితే, ఆమె బస్సే దిగలేదు. 'నాకు ఆడ పని లేదు, మీరు పోయిరాన్రి' అంది. పండు వదిలింది సారనాథ్‌లో. కోరికే దుఃఖానికి మూలం, దాన్ని వదిలెయ్యమని బుద్ధుడు ఇక్కడే చెప్పాడని గైడు అంటే, 'కోరిక నేనిడువ. ఏదో ఒకటి ఇడువాల్నంటే సీతాఫలం ఇడుస్త' అంది. అందరం ఒకటే నవ్వు."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. "నవ్వాం గానీ, మా అందరిలో భక్తి ఆమెదే. మేమంతా తలెత్తి బుద్ధుడిని చూస్తుంటే, ఆమె కనిపించిన ప్రతి భిక్షువు పాదాల దగ్గర వంగేది. ఆడవాళ్లు ముట్టుకోకూడదని చెప్తే, 'ముట్టుకోను, చూస్త' అనేది. బుద్ధగయలో, సారనాథ్‌లో, కుశీనగరంలో, ఎక్కడైనా అదే. 'జర ఎడమ కాలు ముందుకు పెట్టు సామీ' అని బతిమాలేది. ఎప్పుడూ ఎడమ కాలే. ఎందుకక్కా అంటే చెప్పేది కాదు."

చిన్నాయన తల వంచి తన ఎడమకాలి చిటికెన వేలు చూసుకున్నాడు. టీచరమ్మ ఏమీ అర్థం కాక మా ముఖాలు చూసింది. తనకొక తమ్ముడున్నాడని కూడా అత్త ఆమెకు చెప్పలేదు. కల్లు దుకాణంలో పుట్టిన ఒక మాటను, ఊరందరి ముందు కొట్టిపారేసిన మాటను, మా అత్త అన్నేళ్లు కొంగున కట్టుకు తిరిగింది. దొరకనివాడి గురించి చెప్పి అమ్మకు మళ్లీ ఆశ పెట్టడం ఎందుకనుకుందేమో. పిండం పెట్టలేదని ఒక్క మాట అని ఉంటే అమ్మకు రెండేళ్ల బాధ తప్పేది కదా అని కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఏడుపొచ్చింది. ఇంత ప్రేమ నాకు ఇంకెక్కడా కనబడలేదు.

అమ్మ విస్తరి దాకా నడిచిపోయింది. వంగి, చాలా మామూలుగా, పొయ్యి దగ్గర మాట్లాడినట్టు చెప్పింది. "వదినె, తిను. ఇగ కాళ్లు మేం చూస్తం."

అమ్మ వెనక్కి వచ్చాక కాకి దిగింది. ఆ మాటకే దిగిందని ఊరు అంటుంది. అత్త ఉంటే, దానికి ఆకలై దిగిందని అనేది. పెద్దకర్మ నాడు పక్కింటామె కుంకుమ భరిణె తెచ్చి అమ్మకు బొట్టు పెట్టింది.

ఇప్పుడు నేను ఇంటికి రాగానే అడిగేది అమ్మ. "ఇయ్యాల ఎవలొచ్చిన్రు?"

నిన్న భిక్షువులు వచ్చారు. వాళ్లలో ఒక ముసలాయన నడవలేక నా కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు పెట్టుకునే రేకు సర్దడానికి నేను నేలమీద మోకాళ్ల మీద వంగాను. వంగడం నాకు రోజూ ఉండే పనే. "జర ఎడమ కాలు ముందుకు పెట్టున్రి సామీ" అన్నాను. ఆయనకు తెలుగు రాదు. అయినా నవ్వి, చెప్పులోంచి తీసి, ఎడమ కాలే ముందుకు పెట్టాడు.

చిటికెన వేలు ఉంది. రేకు దించి, కుర్చీ తోసుకుంటూ బయటికి నడిచాను.