గిటార్ కీచుమనలేదు

మా మనవరాలు మేరీ ఈ ఆదివారం చర్చిలో కరెంటు గిటార్ వాయించాలి. తీగల కింద ఉండే పికప్ అనే కాయిల్ పాట మధ్యలో కీచుమంటోందట. కరిగిన మైనంలో ముంచితే ఆగుతుందట. పంపు మోటర్లకు కాయిల్ చుట్టినవాణ్ణని ఆ పని నాకు అప్పగించింది.

మధ్యాహ్నం ముంచాను. వెంట్రుక కన్నా సన్నటి తీగ. లోపలి నుంచి బుడగలు వస్తుంటే తీగ తెగిందేమోనని వంగి చూశాను.

ఆరాక మేరీ దాన్ని గిటార్‌లో బిగించి స్విచ్ వేసింది. ఏ శబ్దమూ లేదు. మోటర్ మూగబోయిందంటే కాయిల్ కాలినట్టే.

"సంపేసినానా మేరీ?"

"కీచు పోయింది తాతా, అంతే! ఇప్పుడు సూడు" అని తీగ మీటింది. ఖంగుమంది.

"దీనికి ఇంకో పికప్ ఉండాది. రేపు దాన్నీ ముంచు" అంది.

గుండె దడ ఇంకా తగ్గలేదు. రేపటికి ఏం సాకు చెప్పాలో మీరే చెప్పండి.