స్విచ్చికి శుక్రవారం పూజ

మా ఆయనకు ఇద్దరంటే భయం. ఒకటి కరెంటు, రెండు పంచాయతీ సమితి పెద్దమనిషి. ఇద్దరూ ఒకే ఏడాది మా కొట్టంలోకి వచ్చారు.

అప్పుడు మేం కదిరిలో ఉండేవాళ్లం. ఇంటి ముందున్న కొట్టంలో తరిమెన ఉండేది. కొయ్యను రెండు మొనల మధ్య బిగించి, గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే సాధనం అది. మంచం కోళ్లు, కవ్వాలు, ఉయ్యాల కడ్డీలు దాని మీదే తయారయ్యేవి. కొయ్య దానంతటది తిరగదు కదా. దానికి తోలుతాడు రెండు చుట్లు చుట్టి, ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఈ కొస ఒకసారి, ఆ కొస ఒకసారి లాగుతూ ఉండాలి. ఆ మనిషిని నేను. పెళ్లయిన రెండో నెల నుంచి పదకొండేళ్లు లాగాను. ఊళ్లో అందరూ ఆయన ఉలిని మెచ్చుకునేవారు. తాడు సంగతి ఒక్కరూ ఎత్తేవారు కాదు. తాడు లాగేవాళ్లు ఒక్కరోజు పడుకుంటే ఆ ఉలి వీపు గోక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఎవరికీ తోచినట్టు లేదు.

అయినా నాకు ఆ చోటు ఇష్టం. ఇంట్లో నేను ఒకరికి కోడలిని, ఇంకొకరికి వదినను, అందరికీ నీళ్లు మోసేదాన్ని. కొట్టంలో మాత్రం నేను లేకపోతే పని సాగదు. మా ఆయన మాటలు తక్కువ మనిషి. గొంతు సవరించుకుంటే తాడు ఆపమని, గడ్డం పైకెత్తితే ఇంకొంచెం గట్టిగా లాగమని అర్థం. పని బాగా కుదిరిన రోజు కళ్లెత్తి నా వైపు చూసేవాడు. పదకొండేళ్ల కాపురంలో ఆయన నన్ను చూసింది ఎక్కువగా ఆ తరిమెన మీదుగానే. అందుకే ఆ చోటు పోతుందంటే నాకు ప్రాణం పోయినంత పనయింది.

పోగొట్టినవాడు సమితి పెద్దమనిషి. ఆయన ప్రత్యర్థి ఎవరో బెంగళూరు నుంచి పందిరిమంచం తెప్పించుకున్నాడట. ఇక ఈయనకు నేల మీద నిద్ర పట్టలేదు. ఆ ఏడాది వానల్లేక, బావిలో చేద వేస్తే బురద వచ్చేది. జనం బిందెలు పెట్టుకుని వరసలో కూర్చుంటే, వాళ్ల పక్కనుంచే నడిచి వచ్చి మా ఆయనకు మంచం కొలతలు చెప్పేవాడు.

“ఏమప్పా, ఇంకా ఆడోళ్లతో తాడు లాగిస్తాండావా? దేశం యాడికి పోతాండాది, నువ్వు యాడ ఉండావు! కరెంటు నేను తెప్పిస్తా, మోటారు పెట్టు” అన్నాడు.

నీళ్లు తెప్పించలేని మనిషి కరెంటు తెప్పించాడు. పంటల్లేక మూతపడిన శెనక్కాయల మిల్లు నుంచి పాత మోటారొకటి, దాంతోపాటు పక్కన పిడి ఉన్న ఇనప స్విచ్చి పెట్టె ఒకటి వచ్చాయి. పిడి పైకి నెడితే మోటారు తిరగాలి, కిందికి లాగితే ఆగాలి. మోటారు బిగించిన రోజు మా ఆయన తోలుతాడు చుట్ట చుట్టి గోడకు తగిలించి, నాతో పెద్ద వరమిచ్చినట్టు అన్నాడు: “ఇంగ నీకు కష్టం తప్పింది. పోయి ఇంట్లో సుకంగా ఉండు.” ఆ సుఖం ఎలాంటిదంటే, తాడు లాగిన పొద్దంతా ఇప్పుడు నీళ్ల కోసం నడవడానికి సరిపోయేది.

ఇక కరెంటు భయం సంగతి. మా వాళ్లు పనిముట్లను పూజించకుండా ఉలి ముట్టరు. శుక్రవారం పొద్దుగూకక ముందే ఉలులూ బాడిసెలూ కడిగి, గంధం పూసి, కుంకుమ పెట్టి, సాంబ్రాణి వేస్తారు. అంతవరకు బాగానే ఉంది. మా ఆయనకు స్విచ్చి కూడా పనిముట్టే అయింది. పనిముట్టు ఏమిటి, అమ్మవారే అయింది. నన్ను దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు, ఆడది ముట్టుకుంటే తల్లికి కోపం వస్తుందట. అమ్మవారు కూడా ఆడదే కదా అని అడిగితే, “గమ్మునుండు, నీకేం తెలుసు” అన్నాడు. నేను గంధం అరగదీసి, పళ్లెం గడప దగ్గర పెట్టి రావాలి. ఆయన పిడి కిందికి లాగి, పెట్టె మూత తెరిచి, లోపలున్న రెండు రాగి పలకలకు మందంగా గంధం పట్టించి, బొట్టు పెట్టి, పైన ఇంత విభూతి చల్లేవాడు.

“పెట్టెకు పూస్తే చాలదా?” అని అడిగాను.

“పెట్టెకు పూస్తే పెట్టెకే పుణ్యం. లోపల ఉండే తల్లికి ఏం దక్కుతాది?” అన్నాడు. ఇంత తర్కం తెలిసిన మనిషి నాకు మళ్లీ తగల్లేదు.

రెండు నెలలు తిరిగాయో లేదో, ఒక శనివారం పొద్దున స్విచ్చి మొరాయించింది. పిడి పైకి నెడితే ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి నెడితే మోటారు మూలిగి ఊరుకుంది. మూడోసారి పెట్టె మీద చెక్క సుత్తితో ఒకటి తగిలించాక తిరిగింది. పని మధ్యలో ఆగింది, టక్కున మళ్లీ అందుకుంది. ఆ కుదుపుకు ఉలి కరుచుకుని, పెద్దమనిషి టేకు మంచంకోడుకు బొటనవేలంత గాటు పడింది. మా ఆయన గాటు వైపు చూడలేదు, వీధి వైపు చూశాడు, పెద్దమనిషి వస్తున్నాడేమోనని.

అదిగో, అప్పుడు గోడ మీది తోలుతాడు కిందికి దిగింది. “ఏమ్మే, రా” అని కేక వేశాడు. నేను చేతిలో బిందె అక్కడే దించి వెళ్లాను. ఆ రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. అంత సంతోషంగా బొబ్బలెక్కించుకున్న మనిషి కదిరిలో ఇంకొకరు ఉండరు.

వైద్యాలు మొదలయ్యాయి. మొదటి వైద్యం మా ఆయనది. దిష్టి తగిలిందని పెట్టెకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీశాడు. రెండోది స్తంభాలెక్కే లైనుమానుది. అతను గడప దాటకుండానే “వోల్టేజి లేదన్నా, ఊరంతా ఇంతే” అని, మజ్జిగ తాగి, ఫ్యూజులో కొత్త తీగ చుట్టి పోయాడు. మూడో మనిషి బజారులో మోటార్లకు తీగ చుట్టే సాయిబు. పని తెలిసినవాడు. తెలిసినవాడు కాబట్టి తీరిక దొరికి వచ్చేసరికి బుధవారం అయింది. ఆ రోజు పిడి ఎన్నిసార్లు నెడితే అన్నిసార్లూ మోటారు బుద్ధిగా తిరిగింది.

“బాగుండేదానికి నన్నెందుకు పిలిపిస్తివప్పా?” అన్నాడు సాయిబు. “అయినా మోటారు బంగారమట్లుండాది. రోగముంటే ఆ పెట్టెలో ఉండల్ల. లోపల శుద్ధం చేసినావా?”

“శుద్ధమా? వారం వారం నేనే చేస్తాండా అన్నా” అన్నాడు మా ఆయన, ఛాతీ విరుచుకుని.

మా ఆయన శుద్ధం అంటే ఏమిటో సాయిబుకు తెలియదు. తెలిసి ఉంటే అక్కడే కూలబడి నవ్వేవాడు. పని మీద అనంతపురం పోతున్నానని, నెల దాకా రానని చెప్పి వెళ్లిపోయాడు.

ఇలా వారాలు గడిచాయి. శనివారం, ఆదివారం స్విచ్చి ససేమిరా అనేది. సోమవారం బతిమాలించుకునేది. మంగళవారం నుంచి బుద్ధిగా ఉండేది. వారానికి మూడు రోజులు నాకు తాడు, మిగతా రోజులు బిందె. ఎందుకిలా అని నేనూ తల బద్దలు కొట్టుకోలేదు. దొరికినంత దొరికిందని ఊరుకున్నాను.

ఇంతలో పెద్దమనిషికి ఇంకో ఆలోచన పుట్టింది. మంచం కోళ్లు లేపాక్షి గుడి స్తంభాల మాదిరి ఉండాలట. రాజులు దేవుడికి చేయించింది ఈయన తన నడుముకు చేయించుకుంటానన్నాడు. చూపించడానికి మా ఆయనను ఒక శుక్రవారం లేపాక్షికి తీసుకుపోయాడు. రాత్రికి గాని తిరిగి రాలేదు. నేను అరగదీసిన గంధం గిన్నెలోనే ఎండిపోయింది. ఆ శుక్రవారం పూజ లేదు.

మరునాడు శనివారం. నేను తల దువ్వుకుని, కొంగు బిగించుకుని, పిలుపు కోసం గడప దగ్గర నిలబడ్డాను. ఆయన పిడి నెట్టాడు. మోటారు ఒక్క పట్టుకు అందుకుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ఎండిన గంధం గిన్నె కడగబోయాను. గోటితో గీకినా రాలేదు. అంతే, విషయం మొత్తం తెలిసిపోయింది. నా చేత్తో అరగదీసిన గంధమే ఆ రాగి పలకల మీద వారం వారం పేరుకుని, పెచ్చు కట్టి కరెంటుకు అడ్డం పడుతోంది. మూడు రోజులు పిడి ఎత్తీ దించీ చేస్తే పెచ్చు అరిగి మంగళవారానికి దారి ఇస్తోంది. శుక్రవారం మళ్లీ కొత్త పూత.

సాయిబుకు, లైనుమానుకు, అమ్మవారి భక్తుడికి తెలియనిది నాకు తెలిసింది. పరుగున పోయి చెప్పానా? లేదు. చెబితే నా తాడు మళ్లీ గోడెక్కుతుంది. తరువాతి శుక్రవారం ఇంకొంచెం చిక్కగా అరగదీశాను. ఆ పై శుక్రవారం ఇంకా చిక్కగా. దొంగబుద్ధి అనండి, ఏమైనా అనండి, ఆ వారాల్లో నేను పొయ్యి దగ్గర పాటలు పాడుకున్నాను. ఆయన కూడా రెండుసార్లు కళ్లెత్తి చూశాడు.

అయితే మంచం పని ముగియలేదు. ఊరికి మంత్రి వస్తాడని, మధ్యాహ్నం కాసేపు ఆ మంచం మీద నడుము వాలుస్తాడని పెద్దమనిషి చెప్పుకుంటున్నాడు. బురదనీళ్లు తాగుతున్న ఊళ్లో మంత్రి నడుముకు ఇబ్బంది కలగకూడదు కదా. ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, నవ్వుతూనే అన్నాడు: “కరెంటు తెప్పించినోడికి పీకించేది కూడా తెలుసప్పా.”

ఆ మాటకు మా ఆయనకు మతి పోయింది. శనివారం పొద్దున నన్ను తాడు దగ్గర కూర్చోబెట్టి, ఆయన స్నానం చేసి, తడిపంచెతో వచ్చాడు. చేతిలో నిండా పసుపునీళ్ల చెంబు. పెట్టె మూత తెరిచాడు. మోటారు తిరగకపోయినా పిడి పైకే ఉంది.

“ఏం చేస్తాండావయ్యా?” అన్నాను.

“అభిషేకం. పిడి దించి పూజ చేస్తే తల్లి నిద్దర పోతా ఉంటాదేమో. అందుకే ఇనిపించుకోలేదు. ఈ పొద్దు మేలుకోనుండగానే చేస్తా” అని చెంబు ఎత్తాడు.

నేను తాడు వదిలేసి, “పొయ్యొద్దు! సచ్చిపోతావు!” అని అరుస్తూ ఆయన చెయ్యి పట్టి వెనక్కి లాగాను. పదకొండేళ్లు తాడు లాగిన చేతులు నావి, మనిషి గిర్రున తిరిగి నా మీద పడ్డాడు. నీళ్లన్నీ నేల పాలయ్యాయి. పడ్డచోటే అంతా చెప్పేశాను. గంధం, పెచ్చు, శనివారాలు, లేపాక్షి పోయిన శుక్రవారం, అన్నీ. ఆయన నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయాడు. చివరికి లైనుమానును పిలిచి స్తంభం దగ్గరే కరెంటు తీయించాడు. పలకలు తాను ముట్టుకోనన్నాడు. ఇన్నాళ్లు నన్ను దగ్గరికి రానివ్వని మనిషి, ఉప్పుకాగితం నా చేతికిచ్చి దూరంగా నిలబడ్డాడు.

నేనే గీకాను. పసుపు పొర, ఎర్ర పొర, మధ్యలో ఇరుక్కున్న చెక్కపొట్టు, అడుగున నల్లగా కమిలిన రాగి. గంధం పెళ్లలు పెళ్లలుగా ఊడి పడింది. పొడిగుడ్డతో తుడిచి మూత వేశాను. లైనుమాను మళ్లీ కరెంటు ఇచ్చి, మజ్జిగ తాగి పోయాడు. ఆయన పిడి నెట్టాడు. మోటారు ఒక్క పట్టుకు అందుకుంది. దాన్ని చూసి మళ్లీ ఆపి, నా వైపు తిరిగాడు.

“లేపాక్షికి పోయినప్పుడే తెలిసినాదంటివి. ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు?”

అబద్ధం చెప్పడానికి ఓపిక లేకపోయింది. “చెప్తే నన్ను ఇంట్లోకి తరుముతావని. నీ ఎదురుగా ఈడ కూచోవాలని నాకుండాది” అన్నాను. పెళ్లయినాక ఆయనతో అంత సూటిగా మాట్లాడింది అదే మొదలు. ఒక్క మాటైనా అంటాడని చూశాను, తిట్టినా బాగుండేది.

ఆయన పిడి నెట్టి, ఉలి తీసుకుని, మంచంకోడుకు ఆనించాడు. టేకు పొట్టు సన్నగా, తెంపు లేకుండా లేచింది. అంత నున్నటి పని నేను లాగినప్పుడు ఏనాడూ రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను అలవాటు కొద్దీ తరిమెనకు ఎదురుగా, ఎప్పుడూ కూర్చునే చోటే నిలబడి చూస్తున్నాను. ఆయన గడ్డం పైకెత్తాడు. చేతులు వాటంతటవే ముందుకు చాచాను.

“పక్కకు జరుగు” అని మోటారు మోతకు మించి అరిచాడు ఆయన. “వెలుతురుకు అడ్డం వస్తాండావు.”