మందు కొట్టని వరుస

ఈ ఉదయం నర్సరీలో వేపపిండి బస్తా మూతి విప్పగానే చేదు ఘాటు ముక్కుకు కొట్టింది. వెంటనే ముత్తమ్మ గుర్తొచ్చింది. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న మా నర్సరీలో మట్టి కలిపే పని ఆమెది. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి పిడికిట్లో ముద్ద చేసి చూసేది. పొడిగా రాలినా, చేతికి అంటుకున్నా మళ్లీ కలిపేది. చివర్లో అడవిలో ఏగిస అనే కలప చెట్టు కింద నుంచి తెచ్చిన చారెడు మట్టి చల్లేది. తీసిన చోట ఆకులు తిరిగి కప్పి, చెట్టుకు దండం పెట్టుకుని వచ్చేది. "తల్లి కింది మట్టి తగిలితేనే పిల్లకు వేరు సాగుతది" అనేది. తల్లాడ నుంచి డిగ్రీ పట్టుకుని కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్‌ని నేను, లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ మట్టిలో వేళ్లకు మేలు చేసే సూక్ష్మజీవులుంటాయని పరీక్షకు చదివినదాన్నే. ఆమె నోట వింటే మాత్రం గుర్తుపట్టలేదు. ఎంత పొగరు నాకు!

ఆ ఏడు మా ఏగిస మొక్కలు ముత్తమ్మ గూడెం వెనకాల ఉన్న బోడిగుట్ట మీద నాటాలి. గింజలు ఆమే ఏరి తెచ్చింది. మొలకలు ఆలస్యమయ్యాయి. వానలు దగ్గర పడుతున్నా మొక్కలు జానెడు దాటలేదు. మోకాలెత్తు ఉంటే తప్ప తీసుకోమని పై అధికారి తేల్చి చెప్పారు. మొక్కను సాగదీసే హార్మోను, జిబ్బరెల్లిక్ యాసిడ్ తెప్పించాను. డబ్బా మీది మోతాదు చాలదనిపించి రెట్టింపు కలిపాను. ముత్తమ్మ మందు కొట్టే పంపుకు అడ్డం నిలబడింది.

"ఏంది మేడం, గంత జల్దీ? కాండం ఇంక ముదరలే. గుంజితే పెరుగుతదా?"

"నీకేం తెలుస్తది పెద్దమ్మా, పక్కకు జరుగు" అన్నాను.

"అవ్, నాకు తెల్వదు. గని గా చివరి వరుసకు కొట్టకు. గది నాకిడిచిపెట్టు."

పీడ వదిలితే చాలనుకుని ఆ వరుస వదిలేశాను.

కొద్ది రోజుల్లోనే మొక్కలు మోకాలు దాటాయి. మురిసిపోయి ఫొటోలు తీసి పంపాను. తొలి గాలివానకు మందు కొట్టినవన్నీ నేలకొరిగాయి. సన్నని కాడలు, పాలిపోయిన ఆకులు. సంచి చించి చూస్తే వేరు వేలెడు లేదు. అధికారి వచ్చి, "ఈ మట్టి ఎవరు కలిపారు?" అని అడిగారు. మందు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. కొత్త ఉద్యోగం, భయం. ముత్తమ్మ నా వైపు ఒకసారి చూసి, "నేనే కలిపిన సారూ" అంది. మరునాటి నుంచి పనికి రావద్దన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

పదకొండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆ చివరి వరుస పొట్టిగా, ముదురు పచ్చగా, నిటారుగా నిలబడి ఉంది. నీళ్లు పోస్తూ ముఖం తిప్పుకునేదాన్ని. పన్నెండో రోజు ఆ వరుసలోది ఒకటి, పడిపోయినది ఒకటి తీసుకెళ్లి అధికారి బల్ల మీద పెట్టాను. "రెండింటికీ మట్టి ఒకటే సార్. తేడా మందుది. కొట్టింది నేనే" అన్నాను. చీవాట్లు తిన్నాను, మెమో అందుకున్నాను. ముత్తమ్మను పిలిపించమన్నారు, పొట్టివైనా ఆ వరుసనే నాటమన్నారు.

పిలవడానికి నేనే గూడేనికి వెళ్లాను. అరుగు మీద విస్తరాకులు కుడుతోంది. తప్పయిందని చెప్పేలోపే ఏడుపొచ్చేసింది.

"ఊకో బిడ్డా" అంది. మేడం అనలేదు. "చెప్పినవ్ గద. జర ఆలస్యమైంది, గంతే. నా మొక్కలెట్లున్నయ్?"

ఆ ఏడు గుట్ట ఎక్కింది ఆ ఒక్క వరుసే. ఇద్దరం కలిసి నాటాం. ముత్తమ్మ పోయి రెండేళ్లయింది. అక్కడి ఏగిసలు ఇప్పుడు నాకంటే ఎత్తు.

హార్మోన్లు నేను మానలేదు. కొలిచి, అవసరమైన చోటే వాడతాను. సంచుల్లోకి చారెడు అడవి మట్టి చల్లుతాను, చెట్టుకు దండం కూడా పెడతాను. ఏటా చివరి వరుస మాత్రం వదిలేస్తాను. ఈ రోజు బదిలీ మీద వచ్చిన కొత్త అధికారి, "ఈ వరుస మర్చిపోయారా?" అని అడిగారు. జరిగిందంతా చెప్పాను, ఆ పదకొండు రోజులతో సహా.

"ఆమె మిమ్మల్నేమీ అనలేదా?"

"జర ఆలస్యమైందన్నది సార్."

నాలుగు తిట్లు తిట్టినా ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.