చేటెడు తవుడు

మొన్న మా బిడ్డ వనపర్తి నుంచి ఇంటికి వచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండి నర్సు కోర్సు చదువుతోంది. వచ్చీరాగానే సంచిలోంచి తెల్లకోటు తీసి మంచం మీద పరిచి, దీని జేబు మీద పేరున్న బిళ్ళ పెట్టుకోవాలని, ఆ బిళ్ళ చేయించక ముందే పేరు మార్పించుకుంటానని, వార్డులో తన పేరు విని జ్వరంతో పడుకున్న వాళ్ళు కూడా నవ్వుతున్నారని చెప్పింది. మా బిడ్డ పేరు పెంటమ్మ. ఆ సంగతి అయిపోయాక అన్నం తింటూ ఇంకో మాట అడిగింది. ఈ మధ్య కాన్పుల గదిలో వారం రోజులు డ్యూటీ వేశారట. అక్కడ ఏం చూసిందో చెప్పలేదు కానీ, "అమ్మా, నేను పుట్టినప్పుడు నిన్ను గూడ కొట్టిండ్రా?" అంది. లేదన్నాను. అబద్ధం చెప్పాను.

నా ఈడు వాళ్ళకు పెంటమ్మ అనే పేరు చెబితే చాలు, కథ చెప్పనక్కర్లేదు. మా చిన్నప్పుడు ఊరికి ఇద్దరు ముగ్గురైనా పెంటయ్యలు, పెంటమ్మలు ఉండేవాళ్ళు. ముందు పుట్టిన బిడ్డ దక్కకపోతే తర్వాతి బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టేవాళ్ళు. కన్నతల్లి నాది కాదని చెప్పాలి. ఇంకొకరు ఆ బిడ్డను ఎత్తుకోవాలి. అప్పుడు తల్లి చేటెడు తవుడిచ్చి కొనుక్కోవాలి. పారేసిన బిడ్డే కదా అని చావు దాని వైపు చూడదని నమ్మకం. మా బిడ్డకు ఇంతవరకే తెలుసు. మిగిలింది నేను ఎప్పుడూ చెప్పలేదు. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, రాస్తే తప్పులు పడతాయేమోనని భయంగానే ఉంది, అయినా నోటితో చెప్పే ధైర్యం లేక ఇట్లా రాస్తున్నాను.

నన్ను మల్దకల్ దగ్గరి ఒక పల్లెకు ఇచ్చారు. మా అత్తగారిది ఒకటే ఇల్లు, నడుమ గోడ పెట్టి ఇద్దరు కొడుకులకు పంచారు. ఈవైపు మేము, మా అత్త. ఆవైపు మా బావ, ఆయన భార్య. ఆమె నాకు యారాలు, అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా పిల్లలు కాలేదు. అది ఊరందరికీ తెలుసు కానీ ఆమె ముఖం మీద ఆ మాట ఎవరూ అనేవాళ్ళు కాదు, నోరు గట్టి మనిషైన మా అత్త కూడా అనేది కాదు, ఎందుకంటే ఆమె పని అట్లాంటిది. అప్పుడు గద్వాల చుట్టుపక్కల అందరూ విత్తనపత్తి వేసేవాళ్ళు. మరునాడు విచ్చే మొగ్గలను సాయంత్రం గోటితో చీల్చి లోపలి పుప్పొడి తీసేయాలి, తెల్లారి మగపువ్వులు తెచ్చి ఒక్కొక్క దానికి రుద్దాలి, అప్పుడే విత్తనపు కాయ పడుతుంది. నేను ఒక సాలు చేసేసరికి ఆమె రెండు సాళ్ళు చేసేది, ఆమె రుద్దిన పువ్వు రాలిపోగా నేను చూడలేదు. ఏ చేనులోనైనా ముందు ఆమెనే పిలిచేవాళ్ళు.

నా మొదటి కాన్పు పెబ్బేరు దగ్గర మా తల్లిగారింట్లో అయింది. కొడుకు. నెల నిండకముందే జ్వరం వచ్చి పోయాడు. నేను తిరిగి వచ్చిన రోజు మా అత్త నన్ను గడప అవతలే నిలబెట్టి, కొడుకును మింగి వచ్చినవా అని అడిగింది. పాలు ఇంకా ఆరలేదు, రవికె తడుస్తూనే ఉంది. ఆ పాలే విషమని, ఆ పాలే తన మనవణ్ణి తిన్నాయని బోరింగు దగ్గర నలుగురిలో చెప్పేది. మా ఆయన అప్పటికే పూణే వైపు కాలువ పనికి పోయాడు, వానల్లేని ఏళ్ళు అవి, ఊళ్ళో సగం మంది మగవాళ్ళు అటే ఉండేవాళ్ళు. ఆ రోజుల్లో నన్ను ఒడిలో పడుకోబెట్టుకున్నది మా యారాలే. మా ఆయన పండక్కి వచ్చి పోయాక మళ్ళీ నెల తప్పితే ఆమెకే ముందు చెప్పాను. నాకు నెలలు నిండుతుంటే నా సాలు కూడా తానే చేసి, నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, పత్తికాయలు చూపిస్తూ నీ కడుపులో ఉన్నది కూడా గిట్లనే గట్టిగ పట్టిందిలే అని నవ్వేది.

నొప్పులు చేనులోనే మొదలయ్యాయి. యారాలు చేతులైనా కడుక్కోకుండా నన్ను ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది. ఏ ఊరి దవాఖానో రాయను, ఇప్పుడు అక్కడ వేరే వాళ్ళు ఉంటారు. ఇనుప బల్ల, దాని మీద రబ్బరు గుడ్డ, నా ముందు కన్న ఆమె తడి ఇంకా ఆరలేదు. అక్కడి ఆయమ్మ మా యారాలిని కిందికీ పైకీ చూసి పిల్లలెంతమంది అని అడిగింది. లేరని ఈమె మెల్లగా చెప్పింది. "మరి నీకేం పని ఈడ? బయటికి నడు. కన్నోళ్ళు ఎవరన్న ఉంటే రమ్మను" అంది ఆయమ్మ. యారాలు నా వైపు చూసింది. ఆమెను ఉండనియ్యండి అని నేను ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో తెలియదు, అనలేదు. నొప్పి అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను కానీ అది నొప్పి కాదు, నిజంగానే ఆమె నీడ బిడ్డకు మంచిది కాదేమోనన్న భయం.

ఆమె పోయి కిటికీ అవతల నిలబడింది. జాలీలోంచి నాకు ఆమె వేళ్ళు మాత్రమే కనిపించేవి, పుప్పొడి అంటి పచ్చగా. నేను అరిచినప్పుడల్లా ఆయమ్మ తొడ మీద చరిచేది. "మొగని పక్కకు పోయిననాడు లేదా ఈ ఏడుపు, నోర్ముయ్" అనేది. నోరు మూసుకుని ఆ వేళ్ళ వైపే చూస్తూ కన్నాను. బిడ్డ వెంటనే ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి వీపు మీద కొట్టారు, అప్పుడు ఏడ్చింది. మత్తు ఇవ్వకుండానే కుట్లు వేశారు. ఆడపిల్ల అని ఎవరో అన్నారు. కిటికీలో ఆ వేళ్ళు ఒక్కసారి జాలీని వదిలి, మళ్ళీ గట్టిగా పట్టుకున్నాయి.

మధ్యాహ్నానికి మా అత్త వచ్చింది. పిల్లను చూడకముందే నా రవికె వైపు చూసి, రొమ్ము ఇచ్చినవా అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఇయ్యకు అంది. పెంట మీద పెట్టి కొనుక్కునేదాకా ఇది నీ బిడ్డ కాదు, నీ పాలు ముట్టొద్దు అంది. నర్సు వచ్చి పాలివ్వమని తిడితే పాలు పడలేదని అత్తే జవాబు చెప్పింది. బిడ్డకు గుడ్డపీలికతో చక్కెర నీళ్ళు పిండారు. పక్కనే పడుకుని చూస్తూ ఉన్నాను. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఒక బిడ్డను పోగొట్టుకున్న దాన్ని, వాళ్ళు చెప్పింది చెయ్యకపోతే ఇది కూడా పోతుందని నేనూ నమ్మాను.

మరునాడు పొద్దున ఇంటికి రాగానే ఇంటి వెనక పెంటకుప్ప దగ్గరికే తీసుకుపోయారు. చేటలో పాత గుడ్డ పరిచి బిడ్డను పడుకోబెట్టి, పేడ మీద, బూడిద మీద పెట్టారు. కోళ్ళు గీకుతున్నాయి. కుట్ల నొప్పికి కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాను. ఎత్తుకోవలసిన మనిషి మా యారాలే అని అత్త ముందే చెప్పింది, వేరే వాళ్ళైతే ఆశ పడతారని, ఈమె ఇంటి మనిషే కదా అని. ఆమె తలకు పోసుకుని పెళ్ళినాటి చీర కట్టుకుని వచ్చింది. ఈ కాసేపటి పనికి ఆ చీర ఎందుకని నాకు అప్పుడే తోచి ఉండవలసింది.

"ఈ పిల్ల ఎవల్ది?" అని అడిగింది. నాది కాదన్నాను. మళ్ళీ అడిగింది. నాది కాదన్నాను. మూడోసారి అడిగేటప్పుడు ఆమె గొంతు చాలా మెత్తగా ఉంది, నిజంగానే అడుగుతున్నట్టు. మూడోసారి కూడా నాది కాదన్నాను. "అయితే నాకు దొరికింది. పెంటమ్మ దీని పేరు" అని ఎత్తుకుంది. పేరు పెట్టేది ఎత్తుకున్నవాళ్ళే.

మామూలుగా అయితే అక్కడికక్కడే తవుడు ఇచ్చి తీసుకుంటారు. మా అత్త మాత్రం ఆ తంతు గట్టిగా ఉండాలని, పొద్దుగూకే దాకా బిడ్డ ఆ ఇంట్లోనే ఉండాలని చెప్పింది. ఆ పొద్దంతా నేను నడుమ గోడకు ఆనుకుని కూర్చున్నాను. బిడ్డ ఏడుపు వినిపించినప్పుడల్లా పాలు కారిపోయేవి, రాయి కట్టినట్టు రొమ్ములు బిగుసుకుపోయాయి. అవతల ఆమె మేకపాలు పట్టిస్తూ బిడ్డతో మాట్లాడుతోంది. ఈ సాలు అయినంక ఆ సాలు పోదామని, ఎండ తగలకుండా కొంగు కప్పుతానని, చేను సంగతులన్నీ చెబుతోంది. మధ్యాహ్నానికి ఏడుపు ఆగిపోయింది. నాకు ఏడుపు కంటే దానికే ఎక్కువ భయమేసింది.

పొద్దు వాలాక చేట నిండా తవుడు తీసుకుని ఆమె వాకిట్లోకి పోయాను. వెనక అత్త, చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. చేను నుంచి అప్పుడే వచ్చిన మా బావ వేపపుల్ల పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తలుపు వేసి ఉంది.

"అక్కా, తవుడు తెచ్చిన. పిల్లనియ్యి" అన్నాను.

లోపల నుంచి, "ఏ పిల్ల?" అంది.

ఆడవాళ్ళు నవ్వారు, పరిహాసం అనుకుని. నేను కూడా నవ్వబోయాను.

"నాది కాదని మూడుసార్లు నువ్వే అంటివి గద, చెల్లె. పెంట మీద దొరికింది, తెచ్చుకున్న. నీకేంది, మల్ల కంటవు."

అత్త తిట్టింది, తలుపు కొట్టింది, దండం కూడా పెట్టింది. తలుపు తీయలేదు. లోపల బిడ్డ కదిలి మళ్ళీ ఏడుపు అందుకుంది. అప్పుడు ఆ ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఎవరూ అనని మాట నేను అన్నాను. "గొడ్రాలివి, నీ రొమ్ముల పాలొస్తయా? ఏమిచ్చి సాకుతవు?" అన్నాను. నా గొంతే, కానీ ఆ ఆయమ్మ గొంతులాగా వినిపించింది నాకు.

కొంచెంసేపటికి తలుపు తెరుచుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఏమీ లేదు. బిడ్డను నా చేతిలో పెట్టింది. తవుడు చేట ముందుకు చాచాను. తీసుకోలేదు. తలుపు వేసుకుంది. ఇంటికి వచ్చి రొమ్ము అందిస్తే బిడ్డ మొదట పట్టనే లేదు, తల అటు తిప్పుకుంది.

ఆ మాట తర్వాత ఊరికి దారి దొరికింది. బోరింగు దగ్గర పిల్లలు కూడా అనడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు మా బావ గద్వాల దగ్గర ఇంకో పెళ్ళి చేసుకుని అటే వెళ్ళిపోయాడు. వాకిట్లో వేపపుల్ల పట్టుకుని నిలబడిన మనిషికి ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. యారాలు ఒక్కతే ఆ సగం ఇంట్లో ఉండిపోయింది. మా బిడ్డను మళ్ళీ ఎత్తుకోలేదు. తవుడు తీసుకోలేదు కాబట్టి బేరం కాలేదని, పిల్ల ఇంకా మనది కాదని మా అత్తకు భయం పట్టుకుంది. మూడో ఏట బిడ్డకు జ్వరం వస్తే తానే తవుడు తీసుకుపోయి ఆమె గడప దగ్గర పోసి వచ్చింది. యారాలు వాకిలి ఊడుస్తూ చెత్తతో పాటు దాన్ని కూడా ఊడ్చేసింది. బిడ్డ బతికింది. కానీ ఇన్నేళ్ళలో దానికి తుమ్ము వచ్చినా నాకు ఆ చేటే కళ్ళ ముందుకు వచ్చేది.

పేరు పెట్టిన మనిషికి చెప్పకుండా పేరు మార్చడం సరి కాదనిపించి, నిన్న ఆ వాకిట్లోకి పోయాను. రోజూ గోడ అవతల ఆమె దగ్గు వింటూనే ఉన్నా, ఆ వాకిట్లో కాలు పెట్టడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. ఆమె చేటలో కందులు చెరుగుతోంది. తల నెరిసింది, వేళ్ళు వంకర పోయాయి. బిడ్డ పేరు మార్చుకుంటానంటోంది అక్కా అని చెప్పి నిలబడ్డాను. చెరుగుడు ఆపలేదు. "తవుడు తెచ్చినవా?" అంది.

అది తిట్టో, హాస్యమో, నిజంగానే అడిగిందో నాకు తెలియలేదు. ముఖం చూద్దామంటే తల ఎత్తలేదు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

ఇప్పుడు మా ఊళ్ళో పెంటకుప్ప లేదు, ఆ జాగాలో సిమెంటు రోడ్డు వేశారు. పొద్దున్నే చెత్త బండి వస్తుంది. పిల్లలు పుట్టిన వారంలోపే కాగితాల మీద ఎక్కుతారు, నాది కాదని ఏ తల్లీ అనక్కర్లేదు. కాన్పుల గదిలో మాత్రం చరుస్తూనే ఉన్నారని మా బిడ్డ అడిగిన తీరును బట్టి తెలిసింది. ఇంట్లో వడ్లు దంచే వాళ్ళు లేరు, బియ్యం సంచుల్లో వస్తున్నాయి. ఇవాళ పొద్దున బస్సెక్కి మిల్లుకు పోయి అడిగాను. తవుడు బస్తాల లెక్కన పశువులకు అమ్ముతారట. చేటెడు ఎవరికమ్మా, ఏం చేసుకుంటవు అని అక్కడి మనిషి నవ్వాడు. బస్తా వేయించుకుని వచ్చాను. బస్తా వాకిట్లోనే ఉంది. చేట కడిగి ఎండకు పెట్టాను.